ఇసుక వారధి

భాగ్యనగరమున చిక్కడపల్లి శ్రీ వేంకటేశ్వరస్వామివారి ఆలయమునకు ఉదయకాలమున వెళ్ళు భక్తులకు ఒక దృశ్యము సుపరిచితము. స్వామికి నమస్కరించి, తీర్థము పుచ్చుకొని, వీపున పుస్తకముల సంచితో వడివడిగా సాగిపోవు యువతీయువకులు కనబడుచుందురు. వారిలో పెక్కుమంది గమ్యము ఆ పేటలోనే యున్న నగర కేంద్ర గ్రంథాలయము. తలుపులు తెరువకమున్నే వచ్చి చోటు పట్టుకొనువారు కొందరు. లోపల చోటు దొరకక ఆవరణలో చెట్టునీడను ఆశ్రయించువారు కొందరు. నారాయణగూడ మొదలుకొని అశోక్ నగర్ వరకు గల సందులన్నియు వీరితో నిండియున్నవి. ఎటు చూచినను శిక్షణ కేంద్రముల పలకలు, హాస్టళ్ళు, జిరాక్సు దుకాణములు, పాత ప్రశ్నపత్రముల సంపుటములు పేర్చిన పుస్తకముల అంగళ్ళు, రాత్రి ప్రొద్దుపోవువరకు ఆరని టీ పొయ్యిలు.

వీరు ఆదిలాబాదు నుండి, పాలమూరు నుండి, నల్లగొండ, ఖమ్మము ప్రాంతముల పల్లెల నుండి వచ్చినవారు. ఇంటివద్ద తండ్రి అప్పు చేసి నెలనెల డబ్బు పంపుచుండును. తల్లి ఫోనులో "తిన్నావా బిడ్డా" అని అడుగునే గాని, "ఉద్యోగమెప్పుడు వచ్చును" అని అడుగుటకు మనసొప్పక మాట మార్చును. ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకొని, ఒకపూట భోజనము తగ్గించుకొని, పండుగకును ఇల్లు చేరక చదువుకొను ఈ బిడ్డల జీవితమును ఒక విధముగ జూచిన గురుకులవాసమే యనవలెను. గురువు మాత్రము కనబడడు. నియమమంతయు ఎవరికి వారు విధించుకొనినది. పూర్వము విద్యార్థికి సుఖమెక్కడిదని పెద్దలు చెప్పిన మాట పుస్తకములకే పరిమితమైనదని విచారించువారు ఒకసారి అశోక్ నగర్ వీధులలో తెల్లవారుజామున నడచి చూడవలెను.

ఇట్టి చోట ఇటీవల జరిగిన ఒక అపచారము ధర్మజిజ్ఞాస గలవారందరికిని ఆలోచింపదగినది.

2022వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషన్ 503 గ్రూప్-1 ఉద్యోగములకు ప్రకటన వెలువరించినది. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఈ తరగతి ఉద్యోగములకు అదియే తొలి ప్రకటన గావున, ఏండ్ల తరబడి వేచియున్నవారందరును దానిపై ఆశ పెట్టుకొనిరి. అక్టోబరు 16న జరిగిన ప్రాథమిక పరీక్షను 2,80,000 మందికి పైగా వ్రాసిరి. మరుసటి జనవరిలో ఫలితములు వచ్చి, సుమారు 25,000 మంది ప్రధాన పరీక్షకు అర్హులైరి. వారు మరల పుస్తకములు తెరచి దీక్షలో నుండగా 2023 మార్చి నెలలో పిడుగువంటి వార్త వెలువడినది. ఆ నెల 5వ తేదీన జరిగిన అసిస్టెంటు ఇంజనీరు పరీక్ష ప్రశ్నపత్రము ముందుగనే అమ్ముడుపోయినదని పోలీసులు కనుగొనిరి. తీగ లాగగా డొంక కదలినది. కమిషన్ కార్యాలయములోని వారే రహస్య విభాగపు కంప్యూటరు నుండి అనేక పత్రములను సంగ్రహించిరని దర్యాప్తు బృందము తెలిపినది. ధాన్యాగారమునకు కాపలా పెట్టినవారే కన్నము వేసినట్లైనది. మార్చి 17న గ్రూప్-1 ప్రాథమిక పరీక్షయు రద్దయినది.

2023 జూన్ 11న ఆ పరీక్షనే మరల జరిపిరి. అభ్యర్థుల వేలిముద్రలు తీసికొనలేదను మొదలైన లోపముల కారణముగ హైకోర్టు ఆ సెప్టెంబరులో దానిని గూడ రద్దుచేసినది. 2024 ఫిబ్రవరి 19న పాత ప్రకటనను తొలగించి, 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన ఇచ్చిరి. జూన్ 9న ప్రాథమిక పరీక్ష, అక్టోబరు 21 నుండి 27 వరకు ప్రధాన పరీక్ష జరిగినవి. మూల్యాంకనముపై వ్యాజ్యములు నడచుచుండగనే 2025 సెప్టెంబరులో ఎంపికైనవారికి నియామక పత్రములు అందినవి. అనగా ఒకే మెట్టును ఒక విద్యార్థి మూడుమార్లు ఎక్కవలసి వచ్చినది. మొదటిసారి నెగ్గి మూడవసారి జారిపడినవాని మాట యేమి? ఆ నడుమ వయస్సు మీరినవాని మాట యేమి? ఈ ప్రశ్న చివరి వరకు వెంబడించునదియే గావున ఇచ్చట దానిని స్మరించి, ముందు ప్రశ్నపత్రము కొనినవాని సంగతి విచారింపవలసియున్నది.

అతడు చేసిన తప్పేమి? ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. దొంగతనము తప్పని పసిబాలుడైనను చెప్పగలడు. కాని అశోక్ నగర్ టీ అంగళ్ళవద్ద వినబడు వాదములను శ్రద్ధగా విన్నచో విషయమంత తేలికగా లేదు. "అన్నా, ఆ పరీక్షలో అడిగిన తేదీలు, అంకెలు రేపు ఉద్యోగములో దేనికి పనికివచ్చును? వాటిని ఏడాదిపాటు బట్టీపట్టినవాడు, ఒక రాత్రిలో చదివినవాడు, ఇద్దరును ఆ కుర్చీలో కూర్చుండి చేయు పని ఒక్కటే గదా! పోటీలో ఇతరులు వక్రమార్గమున పోవుచుండగా మనము మాత్రము మడి గట్టుకొని కూర్చున్న ఫలమేమి?" అని ఒకడనును. ఎదుట నున్నవాడు వెంటనే బదులు చెప్పజాలక గ్లాసు క్రింద పెట్టును. ఈ వాదమునకు చట్టము చెప్పు సమాధానము శిక్ష. 2024 జూన్ 21 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర చట్టము, ముఠాగా ఏర్పడి ఇట్టి నేరము చేసినవారికి ఐదు నుండి పది సంవత్సరముల కారాగారమును, కోటి రూపాయలకు తక్కువ గాని జరిమానాను విధించుచున్నది. శిక్ష అవసరమే. అయినను శిక్షాభయము లేనిచోట ఆ వాదమునకు సమాధానమేమి? ధర్మశాస్త్రమునకు పని పడునది అచ్చటనే.

మహాభారతము అరణ్యపర్వమున రోమశ మహర్షి ధర్మరాజునకు చెప్పిన యవక్రీతోపాఖ్యానము ఈ ప్రశ్న కొరకే చెప్పబడినట్లున్నది. భరద్వాజుడు, రైభ్యుడు ఇరువురు మిత్రులు. రైభ్యుడును, అతని కుమారులగు అర్వావసు పరావసులును వేదవిద్వాంసులై లోకమున పూజలందుకొనుచుండిరి. భరద్వాజుడు తపస్వి, ఆయన కంతటి ప్రఖ్యాతి లేదు. తండ్రికి జరుగని గౌరవమును చూచి కుమారుడగు యవక్రీతుని మనస్సు నొచ్చినది. అతడు దుర్మార్గుడు కాడను విషయము గమనింపదగినది. తండ్రిపై ప్రేమ, తనవారికి గౌరవము కలుగవలెనను కోరిక, ఇవియే అతనిని ఆ త్రోవ పట్టించినవి. ఈనాడు ప్రశ్నపత్రమునకు బేరమాడు వానిలోను, కుమారుని కొరకు అప్పు తెచ్చి ఆ బేరము తీర్చు తండ్రిలోను ఉన్నవి ఈ రెండే గదా!

యవక్రీతుడు గురువునొద్ద చదువకయే వేదములన్నియు తనకు భాసింపవలెనని నిశ్చయించి, అగ్నిమధ్యమున ఘోరతపము నారంభించెను. ఇంద్రుడు వచ్చి, అది త్రోవ కాదనియు, గురుముఖమున నేర్వుమనియు బోధించెను. గురువుల యొద్ద నేర్చుటకు చాలకాలము పట్టునని యవక్రీతుని సమాధానము. అప్పుడు ఇంద్రుడు క్షీణించిన ముసలి బ్రాహ్మణుని వేషమున గంగాతీరమునకు వచ్చి, యవక్రీతుడు స్నానమునకు దిగు రేవునందే కూర్చుండి, పిడికెడు పిడికెడు ఇసుకను ప్రవాహములోనికి విసరుచుండెను. చూచినవాడు నవ్వి కారణమడిగెను. జనులు నది దాటుటకు కష్టపడుచున్నారు, వారధి కట్టుచున్నానని వృద్ధుడు చెప్పెను. ఇంత ప్రవాహమునకు ఇసుకతో వారధి యెట్లు నిలుచునని యవక్రీతుడడుగగా, వేదము కొరకు నీవు చేయుచున్నదియు ఇట్టిదే గదా యని వృద్ధుడు బదులు పలికెను.

కథ ఇక్కడ ముగిసియున్న అందరును సంతోషింతురు. కాని వ్యాసభగవానుడు లోకమెరిగినవాడు. యవక్రీతుడు సిగ్గుపడి ఇంటికి మరలలేదు. పట్టువిడువక వరమునే కోరెను. ఇంద్రుడు ఇచ్చెను గూడ! వేదములు యవక్రీతునకు అప్రయత్నముగా భాసించినవి. అడ్డుదారిన పోయినవానికి ఏనాడును ఏమియు దక్కదని పురాణము చెప్పలేదు, దక్కుననియే చెప్పినది. అటుపిమ్మట జరిగిన దానినే చూడుమన్నది. భరద్వాజుడు భయపడి, సులభముగా వచ్చిన వరము దర్పమును తెచ్చును, దర్పము నాశనమును తెచ్చునని కుమారుని హెచ్చరించెను. అట్లే యవక్రీతుడు మదించి, రైభ్యుని కోడలియెడ అపరాధము చేసెను. రైభ్యుడు కోపించి, తన జటలను అగ్నిలో వ్రేల్చి ఒక కృత్యను, ఒక రాక్షసుని పుట్టించెను. కృత్య మోసగించి యవక్రీతుని కమండలువును హరించినది. రాక్షసుడు శూలముతో వెంబడింపగా, శుద్ధి కొరకు నీటికై అతడు సరస్సునకు పరుగెత్తెను, అది ఎండియున్నది. నదులకు పరుగెత్తెను, అవియు ఎండినవి. కడకు తండ్రి అగ్నిహోత్రశాలలోనికి చొరబడబోవగా అచ్చటి అంధుడైన కాపరి అతనిని ద్వారమువద్దనే పట్టి నిలిపెను. వేదములన్నియు నోటనుండగనే యవక్రీతుడు నిహతుడాయెను.

తరువాత దేవతల అనుగ్రహమున మరల బ్రతికినప్పుడు అతడు వారిని ఒకే ప్రశ్న అడిగెను. నేనును వేదముల నధ్యయనము చేసినవాడనే, వ్రతములు పాటించినవాడనే. రైభ్యుడు నన్నెట్లు చంపగలిగెను? దేవతలు చెప్పిన దాని భావమిది: నీకు వేదములు గురువు లేకయే సుఖముగా వచ్చినవి, అతడు గురువులను మెప్పించి, దుఃఖపడి, చిరకాలమునకు సంపాదించెను. అక్షరములు ఇద్దరివద్దను ఒక్కటే. బలము ఒక్కనివద్దనే యున్నది.

టీ అంగడివద్ద వాదమునకు సమాధానమిదియే. పరీక్షలో నడిగిన తేదీ ఉద్యోగమున పనికిరాకపోవచ్చును. కాని ఆ తేదీని గుర్తుంచుకొనుటకై తెల్లవారుజామున లేచిన అలవాటు, తెలియని దానిని తెలియదని ఒప్పుకొని మరల మొదటినుండి చదివిన సహనము, తప్పుచేసిన లెక్కను పదిమార్లు చేసిన ఓర్పు, ఇవి పనికివచ్చును. పత్రము కొనినవానికి సమాధానములు దక్కినవి. ఈ మార్పు దక్కలేదు. ఉద్యోగములో చేరిన మరునాటినుండి అతనికి ఎదురగునవన్నియు ముందుగా అమ్ముడుపోని ప్రశ్నలే. భూమి తగాదాతో వచ్చిన ఇద్దరన్నదమ్ములు, వరదనాడు తెల్లవార్లు మ్రోగు ఫోను, సంతకము పెట్టుమని ఒత్తిడిచేయు పెద్దమనిషి - వీటి పత్రము ఏ కంప్యూటరులోను ముందుగా దొరకదు. అప్పుడతడు ఏ సరస్సునకు పరుగెత్తును? పైగా, పత్రమునకు పెట్టిన పెట్టుబడిని వడ్డీతో రాబట్టుకొనవలెనను ఆలోచన మొదటి జీతము నాటికే మొలకెత్తును.

భాగ్యనగరవాసులకు ఈ సత్యము నీటితో వ్రాయబడియున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరదలో వేలాది జనులు మరణించిరి. ఆ ఆపద మరల రాకుండ చేయుటకు నిజాం ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన సూచనల ననుసరించియే మూసీపైన 1920 నాటికి ఉస్మాన్ సాగరమును, ఈసానదిపైన 1927 నాటికి హిమాయత్ సాగరమును నిర్మింపబడినవి. ఆ మహనీయుడు 1884లో బొంబాయి ప్రభుత్వమున అసిస్టెంటు ఇంజనీరుగా చేరినవాడు. 2023లో అమ్ముడుపోయినది సరిగా ఆ పేరుగల ఉద్యోగపు పరీక్షాపత్రమే యనునది తలచుకొనిన మనస్సు కలుక్కుమనును. నది ఇంజనీరును ఒకనాడు పరీక్షించును. ఆ పరీక్షకు తేదీ ప్రకటింపరు. వేరొకని చేత వ్రాయించుటకును వీలుండదు. ఇసుక వారధి యని ఇంద్రుడు ఉపమానముగా పలికెను గాని, చదువురాని ఇంజనీరు విషయమున అది ఉపమానము గూడ కాదు.

పరీక్షలో మోసము కలియుగ లక్షణమని నిట్టూర్చువారు కలరు. అది సరికాదు. చైనా దేశమున రాజోద్యోగములకై శతాబ్దముల తరబడి జరిగి 1905లో ముగిసిన పరీక్షలలో, అభ్యర్థులను ఒక్కొక్కరిని చిన్న గదులలో కూర్చుండబెట్టి, లోనికి వచ్చునపుడు సోదా చేయుచుండెడివారు. అయినను అంగీల లోపలివైపున చీమలబారువంటి అక్షరములతో శాస్త్రములు వ్రాసికొనినవారుండిరి; అట్టి వస్త్రములు నేటికిని ప్రదర్శనశాలలలో కలవు. అంత చిన్న అక్షరములు వ్రాయుటకు పట్టిన శ్రమలో సగము చదువునకు వెచ్చించియున్న ఆ అంగీతో పనియే లేకపోయెడిది గదా!

మన పాఠశాలలలో దీనికి వేరొక ఉపాయముండెడిది. శలాకాపరీక్ష యని పెద్దలు చెప్పుకొనుట పాఠకులు వినియుందురు. పరీక్షకుడు తాటాకు గ్రంథమునందు ఒక సూదిని గ్రుచ్చును. అది ఏ ఆకు వద్ద ఆగునో ఆ ఆకులోని విషయమును విద్యార్థి వ్యాఖ్యానింపవలెను. ఇందులో దాచవలసిన ప్రశ్నపత్రమే లేదు. గ్రంథమంతయు ప్రశ్నపత్రమే, అది మొదటి రోజుననే విద్యార్థి చేతికి ఇవ్వబడినది. ఇప్పటి లక్షలాది అభ్యర్థులకు ఈ పద్ధతి సాగదు, నిజమే. కాని చదువుకొనువాడు తనంతట తాను ఈ పద్ధతిని అవలంబింపవచ్చును. గ్రంథాలయమున మిత్రుడు పుస్తకమును ఎక్కడనో తెరచి అడుగగా చెప్పగలిగినవానికి, ఏ పత్రము బయటపడినను పడకున్నను ఒక్కటియే.

శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రమకు గల స్థానమును చెప్పుటకు శ్రీమద్రామానుజుల చరిత్ర చాలును. మంత్రరహస్యార్థము కొరకు వారు శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరునకు పదునెనిమిది మార్లు నడచిరి. పదునేడు మార్లు నంబిగారు ఏదో యొక మాట చెప్పి త్రిప్పిపంపిరి. జగదాచార్యులు కాబోవువారికే పదునేడు మార్లు "ఇప్పుడు కాదు" అను మాట వినక తప్పలేదు. ఇక్కడ ఒక చమత్కారి ప్రశ్నింపవచ్చును: రామానుజులును రహస్యమును బయటపెట్టినవారే గదా, వారికిని ఈ పత్రచోరులకును భేదమేమి? అడుగదగిన ప్రశ్నయే. వారు పదునెనిమిది మార్లు నడచి, పాత్రులై, గురుముఖమున పొందినదానిని ఆలయమున నిలిచి అందరకును వినిపించిరి. ఒక్క కాసు పుచ్చుకొనలేదు. గురువాజ్ఞ మీరినందుకు నరకము వచ్చినను తానొక్కడనే పోవుదునని సిద్ధపడిరి. వీరు శ్రమపడక తీసికొని, గోప్యముగా నలుగురికి మాత్రమే అమ్మి, దాని నరకమును లక్షలాది ఇతరులకు పంచిపెట్టిరి. ఒకే పని వలె కనబడు రెండింటికి నడుమ ఉన్న దూరమెంతయో దీనివలన తెలియుచున్నది.

భక్తులు మరొక విషయమును గూడ పరిశీలించుకొనవలెను. పరీక్షలకు ముందు ఆలయములలో రద్దీ హెచ్చును. హాల్ టిక్కెట్టును స్వామి పాదములచెంత ఉంచి పూజ చేయించుకొనుట తప్పుకాదు. అది పిల్లల వినయము. అయితే దళారికి డబ్బిచ్చి, ఆ పని సఫలమైనచో తిరుమల కొండకు నడచివచ్చి తలనీలాలిత్తునని మ్రొక్కుకొనువాడు స్వామిని ఏ పనిలో భాగస్వామిని చేయుచున్నట్లు? గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున మానవుడు తన కర్మతోనే భగవంతుని అర్చించి సిద్ధి పొందునని సెలవిచ్చియున్నాడు. కర్మయే పుష్పమైనపుడు ఆ పుష్పము ఎవరి తోటలోనిదను విచారము రాకమానదు. (పొరుగింటి గోడమీదుగా మందారములు కోసి పూజచేయుట దోషము కాదని వాదించు గృహిణులు కొందరు కలరు, వారితో వాదమునకు దిగుట ఇచ్చటి ఉద్దేశము కాదు.) శరణాగతుడైనవాడు ప్రయత్నమును విడువవచ్చునని కొందరు ప్రపత్తిని సోమరితనమునకు అడ్డుపెట్టుకొందురు. ప్రపత్తి మోక్షమునకు ఉపాయము. డిప్యూటీ కలెక్టరు పదవికి కాదు. ఆ పదవికి ఉపాయము చదువు.

ఇక ఆరంభమున నిలిపిన ప్రశ్న. మోసగాని పని ఇసుక వారధియే కావచ్చును. కాని నిజాయితీగా చదివి, 2022లో నెగ్గి, ఆ నెగ్గినదియు చేజారినవానికి ఏమి చెప్పవలెను? కష్టపడినవానికి ఫలము తప్పక లభించునని చెప్పుట అసత్యము. అయిదువందల పైచిలుకు పదవులకు లక్షలాది మంది పోటీపడునపుడు, మోసమనునదే లేకున్నను కష్టపడినవారిలో అత్యధికులు పదవి లేకయే మిగులుదురు. ఫలమునందు అధికారము లేదని గీత చెప్పినది ఈ కఠినసత్యమునే. అయితే ఆ మాటను ఎవరు ఎవరికి చెప్పుచున్నారను విచక్షణ యుండవలెను. తన ఆస్తి దోచుకొనబడినవాడు తనకు తాను ఆ మాట చెప్పుకొని ధైర్యము తెచ్చుకొనినచో అది వివేకము. దోచినవాడో, కాపలా కాయవలసినవాడో, ప్రక్కన నిలిచి చూచినవాడో, "నీ ప్రారబ్ధమింతే నాయనా" అని వానితో అనినచో అది కర్మసిద్ధాంతము కాదు, దొంగకు నీడనిచ్చుట. కర్మసిద్ధాంతము ఎవరికి వారు లోనికి త్రిప్పుకొనవలసిన దీపమే గాని, ఇతరుల కన్నులపై వేయవలసిన గంత కాదు. ప్రజల సొత్తు చోరులపాలైనచో దానిని వెదకి తెచ్చి యిచ్చుట, తేలేనిచో తన బొక్కసమునుండి యిచ్చుట రాజధర్మమని స్మృతులు విధించినవి. పోయిన రెండేండ్ల యౌవనమును ఏ బొక్కసమునుండి తెచ్చి యిత్తురో!

ఈ ప్రశ్నకు వ్యాసభగవానుడు యవక్రీతుని కథలోనే, మరియొక పాత్ర ద్వారమున, కొంత వెలుగు చూపియున్నాడు. ఆ భాగమును సాధారణముగ ఎవరును చెప్పుకొనరు. రైభ్యుని కుమారులు ఇద్దరును బృహద్ద్యుమ్న మహారాజు సత్రయాగమున ఋత్విజులై యుండిరి. ఒకనాడు పరావసువు రాత్రి ఇంటికి మరలివచ్చుచు, చీకటిలో కృష్ణాజినము కప్పుకొనియున్న తండ్రిని మృగమని భ్రమించి చంపెను. యాగము విడువలేక, ఆ పాపమునకు ప్రాయశ్చిత్తమును తన బదులు ఆచరింపుమని అర్వావసువును కోరెను. అర్వావసువు అంగీకరించి, వ్రతమంతయు పూర్తిచేసి యాగశాలకు వచ్చెను. అన్న కృతజ్ఞతతో ఎదురేగవలసినది. అట్లుగాక, ఇతడు బ్రహ్మహంతకుడు, లోనికి రానీయరాదని రాజుతో చెప్పెను. రాజభటులు అర్వావసువును ద్వారము వద్దనే త్రోసివేసిరి. తన శ్రమతో అన్నను శుద్ధునిజేసినవాడు వెలుపల. ఆ శ్రమను దొంగిలించినవాడు లోపల వేదిపైన.

అప్పుడు అర్వావసువు ఏమి చేసెను? మౌనముగా తలవంచలేదు. ఈ పని చేసినది నేను కాను, నా అన్న చేసినది, నేనతనిని విముక్తుని చేసితిని అని ద్వారమువద్ద నిలిచి పలుమార్లు చెప్పెను. వినినవారు లేరు. చెప్పవలసినది చెప్పిన పిదప అడవికేగి, సూర్యుని ఆరాధించుచు తన తపస్సు తాను చేసికొనెను. లోపలివానివలె తానును కపటమునకు దిగలేదు; ద్వారము మూసిరని విద్యను విడువలేదు. కడకు దేవతలే అతనిని ఋత్విజునిగా వరించి, పరావసువును తొలగించిరి. వరము కోరుకొమ్మనగా అర్వావసువు తండ్రి బ్రతుకవలెననియు, అన్న పాపము తొలగవలెననియు, భరద్వాజ యవక్రీతులు మరల లేవవలెననియు కోరెను. తన కొరకు ఏమియు కోరలేదు. మోసపుచదువు చదివిన యవక్రీతుడు మరల కన్ను తెరచినది ఈ నిజాయితీపరుని పుణ్యము వలననే.

అందరి విషయమున దేవతలు దిగిరారు, అది నిజము. 2024 జూన్ 9వ తేదీ ఉదయమున, అంతకుముందు రెండుమార్లు అదే పరీక్షను వ్రాసియున్నవారు ఎందరో మూడవమారు కేంద్రముల ద్వారములముందు బారులు తీరిరి. తమకు జరిగిన అన్యాయమును గూర్చి అంతకుముందే వారు వీధులలో చెప్పియుండిరి, న్యాయస్థానములలో చెప్పుకొనియుండిరి. ఆనాడు సోదా జరుగగా జేబులు చూపి, వేలిముద్ర వేసి, నల్ల కలము ఒకటి చేతబట్టుకొని లోనికి నడచిరి. పరీక్ష ముగిసిన మరునాడు చిక్కడపల్లి గ్రంథాలయము తెరచుసరికి వారిలో కొందరు ప్రధాన పరీక్ష పుస్తకములతో మరల తమ తమ చోట్ల కూర్చుండియుండిరి.